గోండ్వనభూమియు సంచిజంతువులును



నేనీ సాయంకాలము సంచిజంతువుల పుట్టుపూర్వోత్తరములను గూర్చి ముచ్చటింపదలచినాను. కడుపుమీద తోలుసంచి కలిగి, పిల్లను పూర్తిగా పెరుగకమునుపే కని, దానిని ఆ సంచిలో నుంచుకొని పాలిచ్చి పెంచు జంతువులకు ఈ పేరు చెల్లును. మన యూళ్ళలో పాఠశాలకు పోయిన పిల్లవాడెవ్వడైనను కంగారు బొమ్మను చూచియే యుండును. మన భాషలో కంగారనగా తొట్రుపాటు. ఆ జంతువునకును ఈ మాటకును బంధుత్వమేమియు లేదు. 1770లో జేమ్సు కుక్ అను ఆంగ్లేయ నావికుని యోడ ఆస్ట్రేలియా తూర్పుతీరమున చెడి నిలిచినప్పుడు, అచ్చటి గూగు యిమిదిర్ జనుల నోట ఆయన పరివారము విన్న పేరది. ఎఱ్ఱకంగారు మనిషియంత యెత్తు పెరుగును. అయినను దాని గర్భవాసము 33 దినములే. పుట్టిన పిల్ల చిక్కుడుగింజ కంటె పెద్దది కాదు. బరువు ఒక గ్రామునకు లోపు. కన్నులు తెరువని ఆ పిల్ల ముందుకాళ్ళ గోళ్ళతో తల్లి బొచ్చు పట్టుకొని తానే ప్రాకి సంచి చేరుకొనును.

ఇట్టి జంతుజాతులు నేడు లోకమున 300కు పైగా కలవు. వానిలో ఎక్కువ భాగము ఆస్ట్రేలియాలోను దాని సమీపద్వీపములలోను, తక్కినవి అమెరికా ఖండములలోను ఉన్నవి. ఐరోపావారు మొదట చూచినది అమెరికాదే. 1500లో పిన్సోన్ అను స్పెయిన్ నావికుడు ఒపోసమ్ అను జంతువును తెచ్చి తన రాజునకును రాణికిని చూపెను. మన దేశమున మాత్రము నేడు సంచిజంతువు ఒక్కటియు లేదు. ఏల లేదు? ఇది చిన్నప్రశ్న వలె తోచును గాని, దీనికి ప్రత్యుత్తరము చెప్పవలెనన్న ఖండముల చరిత్రనే తిరుగవేయవలెను. అందులో మన గోదావరి తీరమునకును భాగము కలదు.

మా ఇబ్రహీంపట్నమునకు ఉత్తరమున గోదావరి పారుచున్నది. నదివెంట దిగువకు ధర్మపురి దాటి, మంథని దాటి కాళేశ్వరము చేరినచో ప్రాణహిత వచ్చి కలియును. ఆ ప్రాంతమును భూశాస్త్రజ్ఞులు ప్రాణహిత-గోదావరి లోయ యందురు. మా యూరి రాళ్ళు వేరు. అవి 250 కోట్ల సంవత్సరములకు పైబడినవి. ఎముకగల ప్రాణి భూమిమీద పుట్టకమునుపటివి. వానిలో ఎముకలు వెదకుట వ్యర్థము. లోయలోనికి దిగిన కొలదిని రాళ్ళు వయసున చిన్నవగును, బొగ్గు కనబడును. గోదావరిఖని గనులలో పనిచేసినవారు మన పల్లెలలో అనేకులు కలరు. బొగ్గుపొరలమీది పలుచని రాతిబిళ్ళలలో నాలుకవలె పొడవైన ఆకుల అచ్చులుండుటను వారిలో కొందరు చూచియే యుందురు. గ్లోసాప్టెరిస్ అని దానికి శాస్త్రనామము. నాలుకవంటి ఫెర్ను అని అర్థము. ఈ యాకు అచ్చులే ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను దొరకుచున్నవి. 1912లో దక్షిణధ్రువమునుండి తిరిగి వచ్చుచు మంచులో ప్రాణములు విడిచిన స్కాట్ దొర బృందము వారు, నడువలేని స్థితిలోను విడువక బండిమీద లాగుకొనివచ్చిన 35 పౌనుల రాళ్ళలో కూడ ఈ యాకే యుండెను.

ఇన్ని దేశములలో ఒకే చెట్టు పెరిగినదన్న ఆ నేలలన్నియు ఒకనాడు ఒకటియై యుండవలెను. ఆస్ట్రియా దేశస్థుడైన స్యూస్ పండితుడు 1885లో ఆ యేకఖండమునకు గోండ్వనభూమి యని పేరిడెను. ఇది ఆదిలాబాదు అడవులనుండి వింధ్యవరకు వ్యాపించిన మన గోండుల పేరు. భారతదేశమున పనిచేసిన భూశాస్త్రజ్ఞులు అంతకుముందే ఈ రాతిపొరలకు గోండ్వన మని పేరు పెట్టియుండిరి. అడవిలో పోడు చేసికొని బ్రతికిన జనుల పేరు భూగోళములో సగభాగమునకు తగులుట నాకెప్పుడును వింతగనే యుండును.

ఈ సంగతి చెప్పగా మావైపు పెద్దలొకరు నన్నిట్లు నిలదీసిరి: "ఆస్ట్రేలియా మన నేలతో కలిసియుండెనందువు. ఆకు కలిసినది, బొగ్గు కలిసినది. కంగారు మాత్రమేల కలియలేదు?" ఇంతకంటె సరియైన ప్రశ్నను నేను పట్టణములలోను వినలేదు.

దీనికి సమాధానము దొరకవలెనన్న ముందు సంచిజంతువుల వంశవృక్షము కుదురవలెను. పట్వారీలున్న దినములలో భూమి తగవు వచ్చినయెడల వంశవృక్షము వ్రాయించుట మీరెరిగినదే. అందులో ఒక పేరు తప్పుచోట పడిన, ఒకరి వాటా మరియొకరికి పోవును. జంతువుల వంశవృక్షమునను ఇంతే. ఒక పన్నుకు తప్పుపేరు పెట్టిన, ఒక ఖండము దారియే మారిపోవును. ఇద్దరు మనుష్యులు ఒక్కతీరున మీసము పెంచినంతమాత్రమున అన్నదమ్ములు కారు గదా! పైపోలికను నమ్మరాదు. పన్ను, ఎముక, వీని లోపలి కట్టడి చూడవలెను. సంచిజంతువులకు దవడ ఒక్కొక్క ప్రక్కన వెనుక నములుపళ్ళు నాలుగు, వాని ముందు పళ్ళు మూడు. ఆవు, కుక్క, మనుష్యుడు మొదలుగా మావితో పిల్లను పోషించు జంతువుల పూర్వులకు దీనికి తారుమారు: వెనుక మూడు, ముందు నాలుగు. తరువాతి వంశములలో కొన్ని పళ్ళు పోయినను మూలలక్షణ మిది.

ఇప్పుడు లోకము పెద్దగా ఎరుగని ఒక చిన్న జంతువును గూర్చి చెప్పవలెను. దక్షిణ అమెరికాలో చిలీదేశమునను, దానినంటిన అర్జెంటీనా అడవులలోను రెండు మూడు తులముల బరువుగల యొక జంతువు కలదు. దానిని అచ్చటివారు మోనీటో దెల్ మోంటే, అనగా కొండ చిన్నకోతి, అందురు. అది కోతి కాదు. చూచుటకు చుంచెలుకవలె నుండును. చన్నులు నాలుగు, సంచి చిన్నది. వెదురుపొదలలో ఆకులతో గూడు కట్టుకొనును. చలికాలమునకు తోక మొదట క్రొవ్వు నిలువచేసికొని మైమరచి నిద్రించును. ఇంట కనబడిన కీడని అచ్చటి పల్లెవారు కొందరు తలంతురట. మనవారు గుడ్లగూబను చూచి అనుకొనుట లేదా? మామిడిచెట్లపై బదనిక పట్టుట మీరెరుగుదురు. ఆ బదనిక కుటుంబమునకే చేరిన మొక్క యొకటి ఆ యడవులలో కలదు. మన దేశమున బదనిక పండ్లను చిన్నపిట్టలు తిని గింజను కొమ్మలమీద వదలును. అచ్చట ఆ పని చేయునది ఈ కొండకోతియే. దాని కడుపునుండి వెడలిన గింజయే మొలకెత్తును.

ఈ జంతువునకు 1894లో లండనునందలి థామస్ పండితుడు డ్రోమిసియోప్స్ అని నామకరణము చేసెను. అమెరికాలో నున్నది గాన అమెరికా ఒపోసముల కుటుంబమున చేర్చిరి. అంతకు 7 సంవత్సరములు ముందు, 1887లో, అర్జెంటీనావాడైన అమెగీనో పండితుడు పటగోనియా రాళ్ళలో దొరికిన చిన్నదవడలకు మైక్రోబయోథీరియం అని పేరు పెట్టియుండెను. ఈ రాతిదవడలకును ఆ బ్రతికియున్న జంతువునకును సంబంధము కలదని 1955లో ఆ దేశస్థుడే యైన రెయిగ్ చూపెను. నశించిన దనుకొన్న వంశమున ఒకడు మిగిలియుండె నన్నమాట. అయినను అది ఒపోసముల దాయాదియే యని అందరి తలంపు.

1982లో న్యూయార్కునందలి సాలే అను శాస్త్రజ్ఞుడు దాని చీలమండను పరీక్షించెను. చీలమండలో రెండెముక లొకదానిపై నొకటి ఒరయుచుండును. ఒపోసములకు ఆ ఒరపు తలము రెండు వేరుతునకలుగా నుండును. కంగారు మొదలైన ఆస్ట్రేలియా జంతువులకు అది ఒక్కటే అవిచ్ఛిన్నముగా నుండును. చిలీదేశపు ఈ చిన్నప్రాణికిని ఒక్కటే! అమెరికాలో పుట్టి పెరిగిన జంతువు, తన ప్రక్కనున్న ఒపోసమునకు కాక, సముద్రము లావలనున్న కంగారునకు దగ్గరచుట్ట మయ్యెను. చీలమండ ఒక్కదానిని చూచి ఇంతమాట యనవచ్చునా యని పలువురు శంకించిరి. శంక సహజమే. కాని ఆ 1982లోనే దక్షిణధ్రువ ఖండము నంటియున్న సీమూర్ ద్వీపమున సంచిజంతువు దవడ దొరికెను. అంటార్కిటికా నేలలో నేలమీది క్షీరజంతువు ఎముక దొరకుట అదే మొదలు. తరువాత అచ్చటనే కొండకోతి జ్ఞాతుల పళ్ళును బయల్పడెను. 4, 5 కోట్ల సంవత్సరముల క్రిందట అచ్చట మంచు లేదు, అడవు లుండెను. దారి తెలిసినది: ఉత్తర అమెరికానుండి దక్షిణ అమెరికాకు, అచ్చటినుండి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియాకు. ఆస్ట్రేలియాలో మర్గన్ అను చోట దొరికిన 5 కోట్ల 50 లక్షల సంవత్సరముల నాటి పళ్ళు ఈ ప్రయాణము అప్పటికి జరిగినదని సాక్ష్యమిచ్చుచున్నవి.

తుదకు జన్యుపదార్థపు సాక్ష్యమును వచ్చెను. తాటాకు పుస్తకమునకు ప్రతి వ్రాయువాడు ఒకచోట ఒక మాట అధికముగా వ్రాసినచో, దానిని చూచి వ్రాసిన ప్రతులన్నిటను ఆ యధికపు మాట నిలుచును. దానినిబట్టి ఏ ప్రతి దేనికి బిడ్డయో చెప్పవచ్చును. ప్రాణుల జన్యువులలోను ఇట్లు చొరబడి నిలిచిన తునకలు కలవు. 2010లో ప్రకటింపబడిన పరిశోధనమున వానిని సరిచూడగా, ఆస్ట్రేలియా సంచిజంతువులన్నియు ఒకే యింటి బిడ్డలనియు, కొండకోతి ఆ యింట చేరక ప్రక్కయింటి జ్ఞాతియై నిలుచుచున్నదనియు తేలెను. సాలే చీలమండలో చూచిన చుట్టరికము నిజమయ్యెను.

ఇక మన పెద్దల ప్రశ్నకు వత్తము. గోండ్వనభూమి ఒక్కనాట పగిలినది కాదు. మన భారతఖండము అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుండి సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట విడివడెను. మడగాస్కరు ద్వీపము మనతో మరికొంతకాలముండి, సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట విడిపోయెను. పిమ్మట మన నేల ఒంటరిగా ఉత్తరమునకు కదలి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను ఢీకొని హిమాలయముల నెత్తెను. సంచిజంతువులు దక్షిణ అమెరికాలో కాలుమోపినట్లు నిశ్చయముగా కనబడునది సుమారు 6 కోట్ల 40 లక్షల సంవత్సరముల క్రిందటి రాళ్ళలో. అనగా అవి రేవు చేరునప్పటికి మన పడవ వెళ్ళిపోయి చాలకాలమైనది! బొగ్గు ఆకు కలియుటకు కారణమును ఇదే: ఆ చెట్లు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపువి, అప్పటికి పడవ ఇంకను రేవుననే కట్టబడియుండెను.

మరి ఆ పడవలో ఎక్కిన వారెవరు? ఈ ప్రశ్నకు సాక్ష్యము తెలంగాణమునందే దొరికినది. వికారాబాదు ప్రాంతమున నస్కల్ అను పల్లె కలదు. దక్కను పీఠభూమిపై 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల ప్రాంతమున భూగర్భమునుండి కరగిన రాయి వరదలుగా పారెను. మన నల్లరేగడి ఆ రాయి చివికి యేర్పడినదే. ఒక వరదకును మరియొక వరదకును నడుమ చెరువులు నిలిచెను, కప్పలు, చేపలు, తాబేళ్ళు బ్రతికెను. ఆ చెరువు మన్నే నస్కల్ పొర. గుంటుపల్లి ప్రసాదును, అశోక సాహ్నియు ఈ మన్నును పరిశోధించి 1988లో అందు దొరికిన చిన్నజంతువునకు డెక్కనోలెస్టిస్ హిస్లోపై అని పేరుంచిరి. భారతదేశమున ఆ యుగపు క్షీరజంతువు దొరకుట అదే ప్రథమము. హిస్లోప్ అన్నది నాగపురమున ఉండి 19వ శతాబ్దిలో ఈ ప్రాంతపు శిలలను శోధించిన పాదరి పేరు.

ఆ పళ్ళు నువ్వుగింజ కంటె చిన్నవి. త్రవ్వి కంటితో ఏరుకొన దొరకునవి కావు. మన్నును బస్తాలతో తెచ్చి, ఎండబెట్టి, నీట నానవేసి, సన్నజల్లెడలలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శినిక్రింద ఒక్కొక్కటిగా చూడవలెను. మన యిండ్లలో ఆడవారు బియ్యములో మట్టిబెడ్డలేరు పనికంటె నిది వందరెట్లు ఓర్పుగల పని. ప్రాణహిత ప్రాంతమున దొరికిన మహాబల్లులను, హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో నిలిపిన కోటసారస్ అస్థిపంజరమును చూచుటకు జనులు గుమిగూడుదురు. నువ్వుగింజ పన్నును చూచుట కెవ్వరును పోరు. నాకు మాత్రము ఆ పన్నే పెద్దదని తోచును.

డెక్కనోలెస్టిస్ పళ్ళు సంచిజంతువువి కావు. మావిగల జంతువుల పక్షమునకు చేరినవి. కాని ఆ పక్షమున దానిచోటు కుదురుట కష్టమయ్యెను. మొదట నశించిన పురుగుతిండి జంతువుల కుటుంబ మొకదానిలో చేర్చిరి. 1994లో నస్కల్ మన్నుననే దొరికిన చీలమండ యెముకలను చూచి, అది చెట్లెక్కు జంతువనియు, కోతులు మొదలైనవాని మూలపురుషునకు దగ్గరిదనియు చెప్పిరి. అదియే నిజమైనచో మనుష్యుని పూర్వచరిత్రయే తెలంగాణపు మట్టిలో మొదలయ్యెనని గర్వింపవచ్చును! కాని 2010, 2011 సంవత్సరముల పరిశోధనములు దానిని ఆఫ్రికా ఐరోపాలలో తరువాత దొరకు ఒక పాతకుటుంబమున చేర్చి, నేటి జంతువులలో దేనికిని నేరుగా పూర్వీకుడు కాదనియు, మూలకాండమునకు చేరిన కొమ్మయనియు నిర్ణయించినవి. గర్వము కొంత తగ్గినను చరిత్ర మెరుగైనది. ఆఫ్రికా ఐరోపాల కుటుంబము ఒంటరిపడవలో ఎట్లెక్కినదన్న ప్రశ్న కొత్తగా లేచినది.

నస్కల్ మన్ను మరియొక ప్రయాణికునిగూడ చూపినది. 1997లో ప్రకటింపబడిన ఒక ఎత్తైన పన్ను గోండ్వనాథీరియములను వంశమునకు చేరినది. ఆ వంశపువారు అర్జెంటీనాలోను, మడగాస్కరులోను, అంటార్కిటికాలోను దొరకిరి. మరల మన గోండుల పేరే! ఈ మనదేశపు జంతువునకు 2007లో రెండు బృందములవారు వేరువేరుగా భారత్‌థీరియమనియు, దక్షిణ యనియు పేరులిడిరి. ముందు అచ్చయిన పేరే నిలువవలెనను నియమముచొప్పున భారత్‌థీరియమే నిలిచెను. ఇది సంచిజంతువు కాదు, మావిజంతువు కాదు; ఆ రెండుపక్షములు చీలుటకు పూర్వమే వేరుపడి, నేడు సంతతి లేక నశించిన శాఖ. పడవ రేవు విడుచుటకు ముందే అచ్చటనున్న పాతకాపు గాన, మనతో కూడ వచ్చినదని నా తలంపు.

ఇంతకంటె పాత కాపులు మన గోదావరి లోయలోనే దొరకిరి. కోట రాతిపొరలు 17, 18 కోట్ల సంవత్సరముల నాటివి. ప్రాణహిత యొడ్డునున్న కోట గ్రామమునుబట్టి వచ్చిన పేరది. వానినుండి 1981లో దత్తా పండితుడు ఒక పన్నును ప్రకటించి, మన దేశమున స్థిరపడి మరణించిన హాల్డేన్ శాస్త్రజ్ఞుని పేర కోటాథీరియం హాల్డేనై అని పిలిచెను. పిమ్మట యాదగిరి అను మన భూశాస్త్రజ్ఞుడు పూర్వపు ఆదిలాబాదు జిల్లా పల్లెలనుండి మరికొన్ని జాతులను వెలికితెచ్చెను. ఈ జంతువులు సంచి, మావి పక్షములు రెంటికిని వెలుపలి పాతశాఖలవి.

ఒక్క పన్నును నమ్ముట యెంత ప్రమాదమో చూపు ఉదాహరణము లిక రెండు చెప్పెదను. 2001లో మడగాస్కరు ద్వీపపు పన్నొకటి సంచిజంతువుదని ప్రకటింపబడెను. అదియే నిజమైన, నేను చెప్పిన రేవు కథ తలక్రిందులగును. మనతో కడవరకు కలిసియున్న ద్వీపమున సంచిజంతువున్నచో మన నేలపై ఏల లేకుండును? కాని 2003లో ఇతర పండితులు ఆ పన్నునే మరల పరీక్షించి, అది మావిపక్షపుదని చూపిరి. మన దేశముననే గుజరాతులోని వస్తాన్ బొగ్గుగనినుండి 2005లో సంచిజంతువులవని ప్రకటింపబడినవానిలో ఒకటి రెండేండ్లకే గబ్బిలముల పంక్తికి మారెను. ఆ గని పొరలు 5 కోట్ల సంవత్సరములకు పైబడిన కాలపువి. అప్పటికి మన పడవ ఆసియా గట్టును సమీపించియుండెను. అచ్చట సంచిజంతువు దొరకినను, అది ఉత్తరపు దారిన వచ్చినదే యని తలపవలెను గాని గోండ్వన దాయముగా వచ్చినదని చెప్పరాదు.

లోయవైపు బావి త్రవ్వునప్పుడును, చెలక దున్నునప్పుడును రాతిలో ఎముకవంటిదియో, ఆకు అచ్చో కనబడినయెడల దానిని పగులగొట్టక, దొరికినచోటు గుర్తుపెట్టి, హైదరాబాదునందలి భారతీయ భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయమునకు తెలియజేయుడు. దొరికినచోటు తెలియని ఎముక సాక్షి లేని పత్రమువంటిది.

నస్కల్ మన్నులో ఇంతవరకు సంచిజంతువు పన్ను దొరకలేదు. కడుగవలసిన మన్ను ఇంకను కలదు. నువ్వుగింజంత పన్నొకటి అందులో దొరకి, దాని వెనుక నములుపళ్ళు నాలుగని తేలినచో, నేనీ సాయంకాలము చెప్పిన రేవు కథను మొదటినుండి మార్చి చెప్పవలసివచ్చును.